వెనక గేటు కెమెరా, ఏడు నిమిషాలు

మేడ మెట్ల మలుపులో, చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తున, గోడకు ఒక కెమెరా ఉంది. ఎనిమిదేళ్లుగా దానికి ముసుగు వేసి ఉంది. ముసుగంటే మరేమీ కాదు, పొయ్యి మీంచి గిన్నెలు దించుకునే మసిగుడ్డ. కెమెరా బిగించింది కింది వాటాలో ఉండే మరిది. గుడ్డ కట్టింది పై వాటాలో ఉండే వదిన. అతను గుడ్డ విప్పలేదు, ఆమె ముడి వదులు చెయ్యలేదు. ఇద్దరిలో ఎవరు ముందు చెయ్యి పెడితే వాళ్లు ఓడినట్టు లెక్క.

మరిది బతుకుతెరువే కెమెరాలు బిగించడం. దుకాణాలకీ, గోడౌన్లకీ, బళ్లకీ ఇరవై ఏళ్లుగా అదే పని. ఊరు అతనికి పెట్టిన పేరు నిక్కచ్చి. మెచ్చుకోలుగా పెట్టారో, వెక్కిరింతకు పెట్టారో గానీ, అతను మాత్రం దాన్ని బిరుదులాగే మోసుకు తిరిగేవాడు. పదింటికి వస్తానంటే పదికి ఏడెనిమిది నిమిషాల ముందే గుమ్మంలో ఉంటాడు. రాగానే చేసే మొదటి పని అవతలివాళ్ల గోడ గడియారం వంక చూసి పెదవి విరవడం. "మీ గడియారం వెనకబడింది. సరిచేసుకోండి." బ్యాంకులో అన్నాడు, డాక్టరు దగ్గర అన్నాడు, బస్టాండులో కూడా అన్నాడు. ఊరంతా బద్ధకస్తులతో నిండిపోయిందని, గడియారాలు కూడా వాళ్లనే చూసి నేర్చుకున్నాయని అతని నమ్మకం. ఒక్క సెలూన్ అతను మాత్రం ఎదురు చెప్పేవాడు. "మీ టైముకి మా కత్తెర రాదు సార్. మా టైమయ్యేదాకా కూర్చోండి."

అతని దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. అందులో టైము అతనే పెట్టుకుంటాడు. చేతి గడియారంలో కూడా అతనే పెట్టుకుంటాడు. రెండింటికీ ప్రమాణం ఒకటే, హాల్లో తండ్రి నాటి గుండ్రటి గోడ గడియారం. దాన్ని దుమ్ము తుడిచి బ్యాటరీ మార్చే పని మాత్రం ఆడవాళ్లది.

వదినా అతనూ మొదటినుంచీ ఉప్పూనిప్పూ కాదు. ఆమె ఆ ఇంటికి వచ్చేనాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. "అబ్బాయ్" అని పిలిచేది. అతనూ "వదినా, నువ్వు" అనేవాడు. ఎనిమిదేళ్ల కిందట పైన నీళ్ల ట్యాంకు రోజూ పొంగి గోడలు నానుతుంటే, మెట్ల కింద ఉన్న మోటారు స్విచ్చి వేసి మరిచిపోతున్నది ఎవరో తేలుస్తానని అతను మలుపులో కెమెరా పెట్టాడు. మూడో రోజు అందులో వదిన పడింది. జుట్టు విరబోసుకుని, నలిగిన నైటీలో, నిద్రకళ్లతో స్విచ్చి దగ్గర నిలబడి ఉంది. అతను ఆ ముక్కను, తన అత్తవారివైపు చుట్టాలు పదిమంది వచ్చి కూర్చున్న రోజున, టీవీకి తగిలించి చూపించాడు. "స్విచ్చి వెయ్యడానికి కాదు, కట్టెయ్యడానికి దిగాను" అని ఆమె అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. బొమ్మ చూసి నవ్వారు. వారం తిరక్కముందే ఎలక్ట్రీషియన్ వచ్చి, స్విచ్చి లోపల పాడైందనీ దానంతట అదే పడుతోందనీ తేల్చాడు. ఆ సంగతి నిక్కచ్చి ఏ చుట్టానికీ చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. టీవీలో చూపించిన మర్నాడే మసిగుడ్డ వచ్చింది. "అబ్బాయ్" పోయి "మరిదిగారు" వచ్చింది. అతని నోట్లో "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. ఆ ఇంట్లో మర్యాద అంటే పగకు పెట్టిన పేరు. అన్నయ్య లారీ డ్రైవరు. నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఉన్న పది రోజులూ ఇద్దరి మధ్యా నాకెందుకని నిద్రపోతాడు.

వదిన ఇరవై రెండేళ్లుగా బైండింగు షాపులో పనిచేస్తోంది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడిచి, వరస తప్పకుండా పేర్చి, కుట్టి, జిగురు పూసే పని. ఇంటి వెనక సందులోంచి ఐదు నిమిషాల నడక. మిగతావాళ్లంతా వీధివైపు గేటునించి వెళ్తే, వెనక గేటునించి వెళ్లేది ఆమె ఒక్కతే. రోజూ పొద్దున ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడగానే నిక్కచ్చి గోడ గడియారం వంక చూసేవాడు. సరిగ్గా ఎనిమిదిన్నర. షాపులో బెల్లు కూడా ఎనిమిదిన్నరకే.

"మహారాణీగారు ఇప్పుడు బయల్దేరారు" అనేవాడు భార్యతో. "అక్కడ బెల్లు మోగి, జనం సగం పని చేసి ఉంటారు. ఆ ఓనరెవడో చవట కాబట్టి సరిపోయింది."

భార్య ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడాన్ని అతను ఒప్పుకోలు కింద జమ కట్టుకునేవాడు.

ఇలా ఉండగా, నెల ఆఖరు రోజున, మధ్యాహ్నం అతను భోజనానికి కూర్చున్న వేళ వదిన కిందికి దిగి వచ్చింది. ఎనిమిదేళ్లలో ఆ గుమ్మం దగ్గరికి రావడం అదే మొదలు. గడప బయటే నిలబడి, రెండడుగుల దూరంలో కంచం ముందున్న మరిదిని చూడనట్టే తోడికోడల్ని అడిగింది.

"మరిదిగారు ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నారక్కా. లోపలికి రా."

"రాను. వెనక గేటుకి ఆయన బిగించిన కెమెరా అబద్ధం చెప్తోందని చెప్పు."

నిక్కచ్చి ముద్ద కంచంలో పెట్టాడు. "కెమెరా అబద్ధం చెప్పదని చెప్పు."

"నెల్లో ఇరవై నాలుగు రోజులు పనికెళ్తే ఇరవై నాలుగు రోజులూ బెల్లయ్యాకే వచ్చానని చూపిస్తోంది. సూపర్‌వైజరు జాబితా రాసి గోడకి అంటించాడు. మూడు రోజులు దాటితే ఉంచరు. రేపటినుంచి రావద్దన్నాడు ఓనరు."

"మెట్లు దిగేసరికే టైము అయిపోతోంటే జాబితా రాయక పూలదండ వేస్తారా అని అడుగు."

"నేను ఒక్కరోజు కూడా బెల్లు తర్వాత వెళ్లలేదు. ఇరవై రెండేళ్లలో." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేదని వింటున్న తోడికోడలికి అనిపించింది. "మోటారు స్విచ్చి అప్పుడూ తెలిసి తెలిసి నోరు మూసుకున్నారు. అప్పుడు పోయింది నా పరువొక్కటే. ఇప్పుడు పనే పోతోంది. నలభై తొమ్మిదేళ్లకి ఇంకో షాపులో ఎవరు పెట్టుకుంటారు నన్ను? వచ్చి ఆ కెమెరా చూడమని చెప్పు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నిక్కచ్చి చేతి గడియారం సర్దుకున్నాడు. మోటారు సంగతి ఆమెకు తెలుసని అతనికి తెలియదు. భార్య వంక చూశాడు. భార్య మజ్జిగ గిన్నె వంక చూసింది.

"వస్తాను" అన్నాడు. "వచ్చి, వాళ్లందరి ముందూ చూస్తాను. తప్పు ఆవిడదని తేలితే మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదని చెప్పు."

"ఆయనదని తేలితే?"

"తేలదు."

"తేలితే, వాళ్లందరి ముందే చెప్పాలని చెప్పు. గొంతు తగ్గించి కాదు, వినబడేట్టు."

"నేను చెప్పక్కర్లేదక్కా" అంది తోడికోడలు విసుగ్గా. "ఇద్దరికీ చెవులున్నాయి."

బైండింగు షాపు ఆఫీసు గది మూడు పక్కలా అద్దం. అద్దం అవతల పొడవాటి హాలు, బల్లల వెంట ఆడవాళ్లు, ఆ చివర కటింగ్ మిషను. గదిలోకి జిగురు వాసనా, కొత్త కాగితం వాసనా కలిసి వస్తున్నాయి. ఓనరు కుర్చీలోంచి లేవలేదు.

"ఏమయ్యా, మొన్న నా ప్రింటరు ఆపావు. ఇవాళ నా మనుషుల్ని ఆపుతున్నావని ఈవిడంటోంది. నిజమేనా?"

ప్రింటరు మాట నిజమే. వెనక గేటుకి పాత కెమెరా కాలిపోతే నెల కిందట నిక్కచ్చి కొత్త రకం పెట్టాడు. పాత కెమెరాలన్నీ తీగలతో ఆఫీసులో ఉన్న రికార్డింగు పెట్టెకు వెళ్తాయి. పెట్టె ఏ టైము చెబితే అదే వాటి టైము. ఆ పెట్టెలో ఇక ఖాళీ లేదు. అందుకని కొత్తదాన్ని నెట్‌వర్కు తీగకు తగిలించాడు. అది దేనిమీదా ఆధారపడదు. దాని కార్డు దానిదే, దాని గడియారం దానిదే. నెట్‌వర్కులో దానికో ఇంటి నంబరు లాంటిది ఇవ్వాలి. తొందరలో ఇచ్చిన నంబరు అప్పటికే ప్రింటరుకు ఉంది. ఒకే నంబరుతో రెండిళ్లుంటే పోస్టుమేన్ ఏం చేస్తాడు? ప్రింటరు గంటసేపు మూగబోయింది. ఓనరు హాలంతా వినేట్టు తిట్టాడు. నంబరు మార్చాడు గానీ, ఆ తిట్లు చెవుల్లో మోగుతుండగానే మిగతా పని ముగించాడు.

"నిజమో కాదో అరగంటలో తేలుస్తాను" అన్నాడు నిక్కచ్చి, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీస్తూ.

"తేల్చడానికి ఏముంది?" అన్నాడు సూపర్‌వైజరు. అతను బక్కపల్చటి మనిషి. చెవి వెనక పెన్ను, చేతిలో జాబితా. "రోజూ రికార్డింగు వేసుకుని నేనే రాశాను. ఎనిమిదీ ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై అయిదు. ఒక్కరోజు కూడా ఆలస్యం తప్పలేదు."

"బెల్లు మోగేటప్పుడు నేను బల్ల దగ్గర ఉన్నానో లేదో నీ కళ్లు చూడలేదా?" అంది వదిన గుమ్మంలోంచి.

"నేను వీధి గేటు దగ్గర ఉంటానమ్మా ఆ టైముకి. నా కళ్లు రెండే. అందుకే కెమెరా పెట్టారు."

"పక్క బల్లవాళ్లని అడుగు."

"అడిగాను. గడియారం చూడలేదన్నారు. నీ వైపు మాట్లాడి వాళ్లెందుకు జాబితా ఎక్కుతారు?"

ఓనరు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "నాకు మనిషితో పేచీ లేదు. టైముతోనే. తేల్చు."

నిక్కచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. దాని లోపల ఉండే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆపి తెరిచినప్పుడల్లా తేదీ మరిచిపోతుంది. అతను దాన్ని బాగు చేయించలేదు, తన చేతికి గడియారం ఉండగా దాన్ని టైము అడగాల్సిన ఖర్మ ఏమిటని. కెమెరా పేజీ తెరిచి, మూడో తారీకు రికార్డింగు పెట్టాడు. తెర మీద వెనక గేటు, దాని పక్కన కత్తిరించిన కాగితపు చీలికల బస్తాలు. పైన మూలన టైము నడుస్తోంది. ఎనిమిదీ ముప్పై ఆరయ్యాక వదిన గేటు తోసుకుని వచ్చింది, భుజాన సంచీ, చేతిలో నీళ్ల సీసా. వెనక్కి తిరిగి గేటు చేరవేసి, లోపలికి వెళ్లిపోయింది.

"చూశారుగా" అన్నాడు. గొంతులో తృప్తి దాచుకోలేదు.

అక్కడితో ఆపేసి ఉంటే అయిపోయేది. కానీ నిక్కచ్చి అనిపించుకున్న మనిషి ఆధారం పక్కాగా ఉండాలనుకున్నాడు. ఈ కొత్త రకం కెమెరాకు చెవి కూడా ఉంది. గేటు చప్పుడు కూడా వినిపించి నోరు మూయిద్దామని హెడ్‌ఫోను తగిలించుకుని, ముందు తను విని చూద్దామని వెనక్కి తిప్పాడు. గేటు కిర్రుమంది. చెప్పుల చప్పుడు దూరమైంది. ఎక్కడో కాకి అరిచింది. తర్వాత, తెరమీద ఎనిమిదీ ముప్పై ఏడు పడిన క్షణాన, బెల్లు మోగింది.

షాపులో బెల్లు మోగించేది మనిషి కాదు. ఆఫీసు గోడకున్న యంత్రం, రోజూ ఎనిమిదిన్నరకు. ఒక్క సెకను అటూ ఇటూ కాదు.

అతను నాలుగో తారీకు పెట్టాడు. వదిన వచ్చింది. తర్వాత బెల్లు, ముప్పై ఏడుకి. తొమ్మిదో తారీకు. వదిన, బెల్లు. పదహారు. ఆ రోజు వాన. గొడుగు ముడిచి విదిలించి లోపలికి వెళ్లాక ఇంకా నిమిషానికి గానీ మోగలేదు బెల్లు. పన్నెండు రోజులు విన్నాడు. పన్నెండు రోజులూ ఆమె ముందు, బెల్లు వెనక. ఓనరూ సూపర్‌వైజరూ నెలంతా బొమ్మే చూశారు గానీ చప్పుడు పెట్టుకోలేదు.

మెల్లగా తలెత్తి ఓనరు కంప్యూటరు మూల చూశాడు. మూడూ పన్నెండు. తన చేతి గడియారం చూశాడు. మూడూ పంతొమ్మిది. "మీ కంప్యూటరు వెనకబడింది" అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. సూపర్‌వైజరు ఫోను బల్లమీద వెలిగింది. మూడూ పన్నెండు. గోడమీద బెల్లు యంత్రం, మూడూ పన్నెండు.

కెమెరా బిగించిన రోజు చేసింది ఇప్పుడు వరసగా గుర్తొచ్చింది. కెమెరాను అట్టపెట్టెలోంచి తీసినప్పుడు అందులో ఏ దేశపు టైమో ఉంది. దాన్ని సరిచెయ్యడానికి దారులు రెండు. ఒకటి, ఆఫీసు రికార్డింగు పెట్టె నంబరు రాసి, రోజూ దాన్ని టైము అడుగుతూ ఉండమని కెమెరాకు చెప్పడం. రెండోది, చేత్తో కొట్టడం. బయటివాళ్లెవరూ తొంగిచూడకుండా, కెమెరా షాపు దాటి బయటి నెట్‌వర్కుకు వెళ్లే దారి రాయాల్సిన గడిని అతను ఖాళీగా వదిలేశాడు. అది మంచి పనే. కానీ లోపలున్న పెట్టెను అడగడానికి ఆ దారి అక్కర్లేదు. అది అతనికి తెలుసు. టైము ఇంకొకర్ని అడగడం అతనికి కిట్టదు, అంతే. చేతి గడియారం చూసి, తన టైము కొట్టేశాడు. ఇరవై ఏళ్లలో తన చేతి టైము ఒక యంత్రానికి ఇచ్చింది అదొక్కసారే. మిగతావన్నీ రికార్డింగు పెట్టెలే చూసుకున్నాయి.

ఇప్పుడు సరిచెయ్యడం ఎంతసేపు? నాలుగు అంకెలు. రేపటినుంచి అంతా సవ్యంగా నడుస్తుంది. పాత రికార్డింగులున్న కార్డు పాడైందని తీసి జేబులో వేసుకుంటే బెల్లు సంగతి ఎవరికీ తెలియదు. వదిన వెళ్లిపోతుంది. మోటారు స్విచ్చి అప్పుడు చేసిందీ ఇదే. నోరు కదపక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

"ఏం తేలింది?" అన్నాడు ఓనరు.

వదిన గుమ్మంలో నిలబడి వేళ్ల మీద ఎండిన జిగురు పొరలు పొరలుగా ఊడదీస్తోంది. పనిలోంచి లేపేశాక చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయినట్టుంది. అతని వంక చూడటం లేదు. అతను ఏం చెప్తాడో ముందే తెలిసినదానిలా, ఊడిన జిగురును కింద పడకుండా పిడికిట్లో దాచుకుంటోంది.

"టైము కొంచెం తేడా ఉంది" అన్నాడు నిక్కచ్చి, తెరతో చెప్తున్నట్టు.

"వినబడలేదు" అంది వదిన.

"కెమెరా టైము తప్పు."

"ఎంత?" అన్నాడు ఓనరు.

"ఏడు నిమిషాలు ముందుంది."

వదిన వేళ్లు ఆగాయి. "ఏడా?" అంది. ఆ అడగడంలో ఏదో వింతగా ఉంది గానీ పట్టించుకునే స్థితిలో అతను లేడు.

"అంటే?" అన్నాడు ఓనరు.

"అంటే ఆవిడ రోజూ బెల్లుకు ముందే వచ్చింది."

"కటింగ్ మిషను దగ్గరున్నవాళ్లకి వినబడలేదు మరిదిగారూ" అంది వదిన.

అతనికి ఒళ్లు మండింది. హెడ్‌ఫోను తీగ పీకేసి, చప్పుడు చివరిదాకా పెంచి, పదహారో తారీకు రికార్డింగు నడిపించాడు. గేటు కిర్రుమంది, గొడుగు విదిలించిన చప్పుడైంది, నిమిషం తర్వాత బెల్లు ఆఫీసు అద్దాలు అదిరేట్టు మోగింది. హాల్లో ఆడవాళ్లు టీ వేళయిందనుకుని బల్లల దగ్గర్నించి లేచారు. సగంమంది తలుపుదాకా వెళ్లాక సూపర్‌వైజరు పరిగెత్తుకెళ్లి, "ఇది ఇవాళ్టి బెల్లు కాదు, కూర్చోండి" అని అరుస్తూ వాళ్లను వెనక్కి తోలాడు. ఏ రోజు బెల్లని వాళ్లడిగారు. ఆ రకంగా సంగతి హాలంతటికీ, కటింగ్ మిషనుదాకా తెలిసింది.

ఓనరు మొహం ఎర్రబడింది. "నీ యంత్రాన్ని నమ్మి ఇరవై రెండేళ్ల మనిషిని పొమ్మన్నాను. ఎవరి తప్పిది?"

"టైము నేనే చేత్తో పెట్టాను. నాదే."

"గోడౌను కెమెరాల పని ఇక నువ్వు చెయ్యక్కర్లేదు. వేరేవాళ్లకి చెప్పుకుంటాను. ఇది మాత్రం సరిచేసి వెళ్లు." వదిన వైపు తిరిగాడు, కానీ కళ్లు ఆమె మీదికి పోలేదు. "నువ్వు పోయి పని చూసుకో."

"జాబితా?" అంది ఆమె.

సూపర్‌వైజరు చేతిలోది నకలు. అసలుది హాలు గోడకుంది. ఎవరూ కదలకపోతే ఆమే వెళ్లి, అందరూ చూస్తుండగా దాన్ని పీకి, మడతపనివాళ్లు మడిచినట్టే నాలుగు మూలలూ కలిపి మడిచి, నడుములో దోపుకుని తన బల్ల దగ్గర కూర్చుంది.

"నిక్కచ్చిగారూ" అన్నాడు సూపర్‌వైజరు గుమ్మానికి ఆనుకుని, "ఊళ్లో గడియారాలన్నీ తప్పేనా, లేక మీదొక్కటేనా?"

నిక్కచ్చి ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. టైము పేజీలో చేత్తో పెట్టడం తీసేసి, ఆఫీసు పెట్టె నంబరు రాసి, దాన్ని అడుగుతూ ఉండమని గుర్తు పెట్టి నొక్కాడు. మూడూ నలభై ఆరు ఉన్న చోట మూడూ ముప్పై తొమ్మిది పడింది. ఏడు నిమిషాలు చప్పుడు లేకుండా రాలిపోయాయి.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే గోడ గడియారం కింద నిలబడ్డాడు.

"ఇది ఎన్నాళ్లనుంచి ముందుంది?"

భార్య తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టింది. "నేను కాపరానికి వచ్చినప్పటినుంచీ ఇంతే. బ్యాటరీ మార్చినప్పుడల్లా ఏడు నిమిషాలు ముందుకు పెట్టమని అక్క చెప్పింది."

"ఎందుకు?"

"నాకు తెలిసింది చెప్తున్నా. మీకు ఇరవయ్యేళ్లప్పుడు టెలిఫోను తీగల పనిలో మూడుసార్లు ఆలస్యంగా వెళ్తే తీసేశారట కదా. నెల్లాళ్లు గోడవైపు తిరిగి పడుకున్నారట. రెండో పని దొరికిన రోజున అక్క కుర్చీ వేసుకుని ముల్లు జరిపిందట. అప్పట్నుంచి మీకు ఆలస్యం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పనిచెయ్యదుగా."

"నీకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

"పిల్లలకి తెలుసు. మీ అన్నయ్యకి తెలుసు." ఆమె తలొంచుకుంది. "పాలవాడికి కూడా తెలుసు."

అతను కుర్చీ లాగి ఎక్కి గడియారం పీకాడు. గోడమీద గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. దాన్ని చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. వదిన అప్పుడే షాపునుంచి వచ్చి తాళం తీస్తోందేమో, చప్పుడు విని మలుపు దగ్గరికి దిగింది. ఇద్దరికీ పైన కెమెరా, దాని మసిగుడ్డ.

"మీ గడియారం. తీసుకోండి."

"నాకెందుకు? నాకు ఆలస్యం కాదుగా."

"నన్ను ఇరవై అయిదేళ్లు వెర్రివెధవని చేశారు. ఊరంతటితో చెప్పాను, మీ గడియారాలు తప్పని."

"నేను చెప్పమన్నానా? నేను ముల్లు జరిపాను. నీ నోరు జరపలేదు." కోపంలో ఆమెకు పాత "నువ్వు" వచ్చేసింది. వెనక్కి తీసుకోలేదు. "ఏడు అనగానే నాకక్కడే తెలిసింది, ఎక్కడి ఏడో. అక్కడే చెప్పొచ్చు. హాలు హాలంతా నవ్వేది. నేను నీలాగా టీవీకి తగిలించలేదు."

"దయ చూపించారా?"

"దయా లేదు, ఏం లేదు. నీ కోసం పెట్టిన ఏడు నిమిషాలు తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకున్నాయని నలుగురిలో చెప్పుకోవడం నాకు సిగ్గు." ఆమె నడుములోంచి మడిచిన జాబితా తీసి గడియారం మీద పెట్టింది. "ఇది కూడా దాచుకో. నీ పనితనం. మరి ఆ మోటారు సంగతి మీ అత్తవారి చుట్టాలకి ఎప్పుడు చెప్తావు?"

అతను ఒక మెట్టు కిందికి దిగాడు. "రోజుకొకటి చాలు."

"అయితే ఆ గుడ్డ అక్కడే ఉంటుంది" అంది ఆమె. పైకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ గట్టిగానే పడింది.

అతను గడియారాన్ని చంకలో సర్దుకున్నాడు. ఒక చెయ్యి గుడ్డ ముడిదాకా వెళ్లింది. ముడి ఎనిమిదేళ్ల మసితో రాయిలా బిగిసి ఉంది. చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు.

గడియారాన్ని అతనే సరిచేసి, అతనే గోడకు తగిలించాడు. మర్నాడు పొద్దున ఒక చెంప గీసుకుని రెండో చెంపకు నురగ పూసుకుంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అలవాటుగా తలెత్తాడు. ఎనిమిదీ ఇరవై మూడు. చప్పుడు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత సందులోకి దిగిపోయింది.

"ఇవాళ ఏమీ అనరేం?" అంది భార్య.

"ఏమనాలి?"

"రోజూ అనేదే."

"నీ పని చూసుకో" అన్నాడు. బ్లేడు గీసుకుని గడ్డం కింద నెత్తురు చుక్క పడింది.

ఆ రోజు సెలూన్‌లో కెమెరా బిగించాలి. ఎనిమిదిన్నరకు వస్తానని చెప్పాడు. నిచ్చెన వాళ్లదే, తీగలు తనవి. ఆ తీగలు వెతుక్కునేసరికి, సంచీ సర్దుకునేసరికి, సందు దాటేసరికి జరగాల్సింది జరిగింది. ఎప్పుడూ చేతిలో ఉండే ఆ కాస్త మిగులు ఇవాళ లేదు. సెలూన్ అతను గుమ్మంలో దువ్వెన పట్టుకుని నిలబడి, నిక్కచ్చిని చూసి, లోపల గోడ గడియారాన్ని చూసి, మళ్లీ నిక్కచ్చిని చూశాడు. ఎనిమిదీ ముప్పై ఏడు.

"ఏం సార్, మా గడియారం ఇవాళ ఎలా నడుస్తోంది?"

నిక్కచ్చి సంచీ కిందపెట్టాడు.

"సరిగ్గానే ఉంది" అన్నాడు. "నిచ్చెన ఎక్కడ పెట్టావు?"